గాజుతొట్టిలోని జీవము – గృహస్థుని ధర్మము

బసవేశ్వరుని బోధలో సర్వప్రాణులయందలి దయకు అగ్రస్థానము కలదని మన యిండ్లలో చిన్నపిల్లలకు సయితము తెలియును. జయంతి సభలలో ఈ మాట చెప్పుదుము, వినుదుము, చప్పట్లు కొట్టుదుము. అయితే పెద్ద మాటలకు పరీక్ష చిన్న విషయములయందే జరుగును. ఎద్దును నడివీధిలో కొట్టినవానిని పదిమంది నిలదీయుదురు. ఎద్దు ఱంకె వేయును, కన్నీరు కార్చును, కావున దాని బాధ నలుగురికి తెలియును. అఱచుటకు గొంతు లేనిది, మూయుటకు కనురెప్ప లేనిది అయిన చిన్న ప్రాణి మన యింటి మూలనే బాధపడుచుండిన యెడల దానిని గమనించువారెవరు? అట్టి యొక చిన్న విషయమునే ఈ వ్యాసమున విచారింపదలచితిని. ఇంటిలో గాజుతొట్టియందు పెంచుకొను చేప జబ్బుపడినచో దానియెడల గృహస్థుని కర్తవ్యమేమి?

ఈ ప్రశ్న విని కొందరు నవ్వవచ్చును. "చేపకు జబ్బేమి, దానికొక వ్యాసమేమి" అనవచ్చును. కాని జగ్గయ్యపేటలో గాని నందిగామలో గాని నేడు నాలుగిండ్లు తిరిగి చూచిన ఒక యింట చేపలతొట్టి కనబడుట వింత కాదు. బట్టల దుకాణములలో, వైద్యుల గదులలో, క్రొత్తగా కట్టిన యిండ్ల ముందుగదులలో దీపము వెలుగుచుండగా రంగు రంగుల చేపలు తిరుగుచుండును. 2022లో జిల్లాల పునర్విభజన జరిగి మన ప్రాంతము ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది గాని, పూర్వపు కృష్ణా జిల్లాలో ఇది మెట్టప్రాంతము. క్రింద కైకలూరు, కొల్లేటి ప్రాంతమువారికి చేప జీవనాధారము. చెరువులో చేప కొంచెము మందగించినను వారు కనిపెట్టుదురు. మెట్టవారమైన మనకు, అందులోను మాంసాహారము ముట్టని కుటుంబములవారికి, చేపతో తరతరాలుగా ఏ సంబంధమును లేదు. తినము, పట్టము, అమ్మము. ఇప్పుడు హఠాత్తుగా దానిని ఇంటిలోనికి తెచ్చుకొంటిమి.

కష్టము ఇక్కడనే ఉన్నది. ఆవు జబ్బుపడిన ఏమి చేయవలెనో మన పెద్దలకు తెలిసియుండెను. బసవడన్న పేరే వృషభమునుండి వచ్చినది గదా! ఎద్దుకు కాలు బెణికిన, ఆవు మేత మానిన, ఊరిలో తెలిసినవారు ఉండిరి, పశువుల ఆసుపత్రి ఉండెను. చేప విషయమున పెద్దలు చెప్పిన మాట ఏదియు మనకు లేదు. సంప్రదాయము మౌనముగా ఉన్నచోట మనస్సాక్షియే మాటలాడవలెను. ఒక యింటిలో మనుమడు తొట్టి ముందు కూర్చుండి, "తాతయ్యా, చేప అడుగున పడుకొనే ఉన్నది, డాక్టరుగారికి చూపించవా?" అని అడిగినచో, "ఊరుకోరా, చచ్చిపోతే ఇంకొకటి తెచ్చుకుందాము" అని తాతగారు బదులు చెప్పిరనుకొనుడు. ఆ క్షణమున ఆ పిల్లవాడు ప్రాణమునుగూర్చి ఒక పాఠము నేర్చుకొనును. మనము సభలలో చెప్పు పాఠముకంటె అది బలమైనది.

చేపను గాజులో పెట్టి చూచు అలవాటు మన దేశమున పుట్టినది కాదు. బంగారు చేపలను పెంచుట చైనాలో వేయి యేండ్లకు పైబడిన ఆచారము. అయితే వారు వానిని కొలనులలోను మట్టి కుండలలోను ఉంచిరి. గాజుతొట్టి 19వ శతాబ్దమునాటిది. 1832లో జాన్ విల్‌ప్రో పవర్ అను ఫ్రెంచి విదుషి సముద్రజీవులను పరిశీలించుటకు గాజుపెట్టెలు తయారు చేయించెను. 1850 ప్రాంతమున లండనులో రాబర్ట్ వారింగ్టన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు చేపను, నీటిమొక్కను, నత్తను ఒకే తొట్టిలో ఉంచి అవి ఒకదానికొకటి ఎట్లు తోడ్పడునో పరిశోధించెను. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ గ్రంథముతో అక్వేరియం అను పేరు లోకమున వ్యాపించెను. గమనింపదగిన విషయమేమనగా, గాజుతొట్టి విద్యార్జనకొఱకు పుట్టినది. నీటి రహస్యము తెలియగోరినవారు దానిని కనిపెట్టిరి. నీటినిగూర్చి ఏమియు తెలియనివారము మనము దానిని అలంకారముగా కొనుచున్నాము.

ఇప్పుడు అసలు విషయమునకు వత్తము. నదిలోని చేపకును తొట్టిలోని చేపకును భేదమేమి? కూడలసంగమమున మలప్రభను కలుపుకొని వచ్చు కృష్ణవేణియే మన ముక్త్యాల, వేదాద్రి రేవులను ఒరసికొని పోవుచున్నది. జగ్గయ్యపేట చెంతనుండి పాలేరు, నందిగామ ప్రాంతమునుండి మున్నేరు వచ్చి దానిలో కలియుచున్నవి. ఆ నీటిలోని చేప ఒకచోట నీరు చెడిన మఱొకచోటికి పోవును. ఎండ యెక్కువైన లోతునకు దిగును. దాని మలమును ప్రవాహము తీసికొనిపోవును, మన్నును మొక్కలును హరించును. అక్కడ చేప జబ్బుపడిన అది ప్రకృతి వ్యవహారము, దానికి మనము బాధ్యులము కాము. తొట్టిలోని చేపకు ఈ దారులన్నియు మూసినవారము మనమే. అది త్రాగు నీరు, విసర్జించు నీరు, ఊపిరి పీల్చు నీరు ఒక్కటే. శరణులు స్థావరముకంటె జంగమమునకు పెద్దపీట వేసిరి. నది పారుచుండును, తొట్టిలోని నీరు నిలిచియుండును. నిలిచిన నీటిని బ్రదికించు భారము ఎవరో ఒకరు మోయవలెను. నది చేయు పనిని ఆపినవాడు నది చేయు పనిని తాను చేయవలెను. తొట్టి కొన్ననాడే ఈ ఋణము మన తలకెక్కినది.

ఇది భావుకుల మాట మాత్రమే కాదు, దేశపు చట్టము కూడ ఇట్లే చెప్పుచున్నది. 1960నాటి జంతుహింస నివారణ చట్టము మనుష్యుడు తప్ప తక్కిన ప్రతి ప్రాణిని జంతువుగానే పరిగణించినది. కావున చేప దాని వెలుపల లేదు. ఆ చట్టపు 3వ విభాగము ప్రకారము ఏ ప్రాణి ఎవని సంరక్షణలో ఉండునో, దాని క్షేమమును చూచుట, దానికి అనవసరమైన బాధ కలుగకుండ కాపాడుట వాని విధి. చట్టము విధి అన్నదానిని మనము ధర్మమని పిలుచుచున్నాము. పేరు మారినను భారము మారదు.

కర్తవ్యము ఉన్నదని ఒప్పుకొనినంత మాత్రమున చాలదు, దానిని ఎట్లు నెరవేర్చవలెనో తెలియవలెను. చేప జబ్బుపడినప్పుడు మన కన్నులు చేపపై పడును. పడవలసినది మొదట నీటిపై. తొట్టిలోని చేపలకు వచ్చు జబ్బులలో పెక్కింటికి మూలము చెడిన నీరే. చేప మొప్పలనుండియు మలమునుండియు, కుళ్ళిన మేతనుండియు అమ్మోనియా అను విషపదార్థము పుట్టును. నీటిలోను ఇసుకలోను వృద్ధిపొందు కొన్ని సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగా మార్చును. మఱికొన్ని ఆ నైట్రైటును అంతగా హానిచేయని నైట్రేటుగా మార్చును. ఈ సూక్ష్మజీవులు క్రొత్త తొట్టిలో కుదురుకొనుటకు నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. మనవారు ఉదయము తొట్టి కొని, సాయంత్రము పది చేపలు వేసి, పదవనాటికి అవి యొక్కొక్కటిగా చచ్చిపోవగా దుకాణదారుని తిట్టుదురు. మఱికొందరు శుభ్రత పేరిట వారమునకొకసారి నీరంతయు పాఱబోసి, ఇసుకను, ఫిల్టరును కుళాయిక్రింద రుద్ది కడుగుదురు. ఆ కడుగుటలో చేపను కాపాడు సూక్ష్మజీవులే కొట్టుకొనిపోవును.

మన ప్రాంతమునకు మఱొక ప్రత్యేకత కలదు. జగ్గయ్యపేట చుట్టును సున్నపురాయి నేల. సిమెంటు కర్మాగారములు ఇక్కడ వెలసినది అందుచేతనే. ఆ రాతిపొరలనుండి వచ్చు బోరునీరు కఠినమైనది, దానికి క్షారగుణము ఎక్కువ. నీరు కాచిన పాత్రకు తెల్లని పెచ్చు కట్టుట ప్రతి గృహిణి ఎఱిగినదే. అమ్మోనియాకు ఒక స్వభావమున్నది. క్షారగుణము పెరిగినకొలది దానిలో విషరూపమున ఉండు భాగము పెరుగును. పీహెచ్ 7 ఉన్న నీటిలోకంటె పీహెచ్ 8 ఉన్న నీటిలో ఆ విషభాగము సుమారు పది రెట్లు. కావున మెత్తని నీరున్న ఊరిలో చెల్లిన అశ్రద్ధ మన ఊరిలో చెల్లదు. దీనికి తోడు మన ఎండలు 45 డిగ్రీలకు చేరు సంవత్సరములు గలవు. నీరు వెచ్చనైనకొలది దానిలో నిలుచు ప్రాణవాయువు తగ్గును. 20 డిగ్రీల నీటిలో లీటరునకు సుమారు 9 మిల్లీగ్రాములు నిలుచునది 30 డిగ్రీలకు వచ్చునప్పటికి 7½ మిల్లీగ్రాములే. చేప పైకి వచ్చి నోరు తెఱచి గుటకలు వేయుచున్న, అది ఆడుకొనుటకాదు, ఊపిరికై కొట్టుకొనుట.

కనుక చేపకు జబ్బుచేసిన తోడనే అడుగవలసిన మొదటి ప్రశ్న "దీనికేమి అయినది" అని కాదు, "మేమేమి చేసితిమి" అని. నాలుగవవంతు నీరు తీసి, క్లోరిన్ పోవుటకు ఒక దినము తెఱచి ఉంచిన కుళాయినీరు మెల్లగా పోయుట, గాలి గొట్టము సరిగా పనిచేయుచున్నదా యని చూచుట, మిగిలిన మేత తీసివేయుట, ఒకటి రెండు దినములు మేత ఆపుట – ఈ నాలుగు పనులచేతనే చాల చేపలు తేరుకొనును. ఇందు ఖర్చు లేదు. కావలసినది ఓపిక.

మేత మాట వచ్చినది కనుక ఒక సంగతి చెప్పక తప్పదు. అన్నము పెట్టుట మన జాతికి ప్రీతి. దాసోహము మన యిండ్ల శోభ. అతిథి వచ్చిన పెట్టుదుము, చేప గాజు దగ్గఱకు వచ్చి నోరాడించిన దానికిని పెట్టుదుము. తాతగారొక చిటికె, కోడలొక చిటికె, బడినుండి వచ్చిన పిల్లవాడొక పిడికెడు. తొట్టిలోని చేప ఆకలితో చచ్చుట అరుదు, మేత ఎక్కువై చచ్చుట తఱచు. తినక మిగిలినదంతయు కుళ్ళి విషమగును. ప్రేమతో పెట్టినదే ప్రాణము తీయును. దాసోహమనగా పెట్టుట మాత్రమే కాదు, పుచ్చుకొనువాని అవసరమును ఎఱిగి పెట్టుట. జ్ఞానము లేని దయ ఎంత మంచి మనస్సునుండి వచ్చినను పుచ్చుకొనువానికి మేలు చేయదని ఈ చిన్న తొట్టి మనకు చూపుచున్నది.

ఇంతకంటె లోతైన తప్పు మఱొకటి కలదు. చేపలతొట్టిని వాస్తుకొఱకు ఉంచువారు చాలమంది. ఈ దిక్కున ఇన్ని చేపలుండవలెనని, ఇన్నింటిలో ఒకటి నల్లనిదై యుండవలెనని చెప్పించుకొందురు. చేప చచ్చిపోయినచో "ఇంటికి రావలసిన కీడు అది తీసికొనిపోయినది" అని సంతోషించి, మఱొక చేపను తెచ్చి వేయుదురు. ఈ నమ్మకమును కొంచెము నిదానించి చూడవలెను. దీనివలన చేప చావునకు కారణము వెదకు పని తప్పును. నీరు చెడినదా, మేత ఎక్కువైనదా అని ఎవ్వరును అడుగరు. మన అశ్రద్ధచేత చచ్చిన ప్రాణి మనకొఱకు త్యాగము చేసినదై పోవును. మన తప్పు శుభసూచనగా మారును. ఇతర ప్రాణి చావుచే మన క్షేమము కొనుక్కొనవచ్చునను తలంపునే గదా 12వ శతాబ్దమున బసవేశ్వరుడును తోడి శరణులును యజ్ఞపశువు విషయమున నిరసించినది! గుడి ముందు మేకను కోయుటను చూచి ముఖము త్రిప్పుకొను మనము, ముందుగదిలో మెల్లగా చచ్చుచున్న చేపను దోషపరిహారమనుకొనిన, ఆ రెంటికి భేదమెక్కడ? ఇష్టలింగమును మెడను ధరించినవానికి దిక్కుల భయమేల? వాని కీడును మోయుటకు ఒక మూగజీవము ఏల?

చేప బాధపడునా అని ఒక శంక కలదు. శాస్త్రజ్ఞులలో ఈ వివాదము నేటికిని పూర్తిగా తెగలేదు. మనుష్యుని మెదడులో బాధను స్ఫురింపజేయు పైపొర చేపకు లేదు కనుక దానికి బాధ తెలియదని 2002లో అమెరికాకు చెందిన జేమ్స్ రోజ్ వాదించెను. మఱుసటి సంవత్సరము, 2003లో, బ్రిటనులో లిన్ స్నెడన్ అను శాస్త్రజ్ఞురాలును ఆమె తోడివారును ట్రౌట్ చేపల ముఖమున హానిని గ్రహించు నాడులున్నవని చూపిరి. పెదవులకు మంటపుట్టించు ద్రవము ఎక్కించినప్పుడు ఆ చేపలు మేత ముట్టలేదు, వేగముగా ఊపిరి తీసెను, కొన్ని పెదవులను అడుగునున్న గులకరాళ్ళకు రాచుకొనెను. నొప్పి తగ్గించు మార్ఫిన్ ఇచ్చినప్పుడు ఆ లక్షణములు తగ్గెను. 2024లో న్యూయార్కున పలువురు శాస్త్రజ్ఞులు ఒక ప్రకటన చేసి, చేపలతో సహా వెన్నెముకగల ప్రాణులన్నింటికి అనుభవముండుట సంభవమేనని, ఆ సంభవమును లెక్కలోనికి తీసికొనక వానిని గూర్చి నిర్ణయములు చేయుట బాధ్యత కాదని తెలిపిరి. గృహస్థునకు ఇంతకంటె ఎక్కువ ఋజువు అక్కఱలేదు. గోనెసంచిలో ఏదియో కదలుచున్నదని తెలిసిన పిమ్మట, అది పిల్లియో కాదో తేలువఱకు కఱ్ఱతో కొట్టుదమని ఎవడును అనడు గదా! సంశయమున్నచోట దయవైపే మొగ్గవలెను.

ఇక చికిత్స. "చేప వెల ముప్పది రూపాయలు, మందు వెల నూరు రూపాయలు, ఏది లాభము?" అని లెక్క వేయువారున్నారు. వెల అన్నది దుకాణమువాడు వ్రాసినది, ప్రాణమునకు వ్రాసినది కాదు. సరిగా చూచుకొనిన గోల్డ్‌ఫిష్ పది పదునైదేండ్లు బ్రదుకును. ఇంగ్లండులో ఒక కుటుంబము పెంచిన చేప 43 ఏండ్లు జీవించి 1999లో చనిపోయినది. అట్టి జీవిని ఆరు నెలల ఆటబొమ్మగా భావించుటచేతనే దాని జబ్బు మనకు అల్పముగా కనబడుచున్నది.

తెల్లమచ్చల వ్యాధిని ఉదాహరణముగా తీసికొందము. చేప మేనిపై ఉప్పు చల్లినట్లు తెల్లని చుక్కలు లేచును, చేప రాళ్ళకు రాచుకొనును. ఇది ఒక సూక్ష్మ పరాన్నజీవి పని. అది చేప చర్మము లోపల కొన్ని దినములు పెరిగి, రాలి అడుగున చేరి, వందలుగా చీలి, మరల చేపకొఱకు నీటిలో ఈదుచు వచ్చును. చర్మములో దాగియున్నంతవఱకు దానికి మందు తగులదు. నీటిలో ఈదు దశయందే అది చచ్చును. కనుక మచ్చలు పోయినవని మందు ఆపినవాడు రోగమును సగములో వదలినవాడగును. గోల్డ్‌ఫిష్‌నకు లీటరు నీటికి ఒకటి మొదలు మూడు గ్రాములవఱకు అయొడిను లేని ఉప్పు క్రమక్రమముగా కలుపుట, లేదా మిథిలీన్ బ్లూ వంటి మందును వేఱొక పాత్రలో వాడుట, మచ్చలు మాయమైన పిదప కూడ కొన్ని దినములు కొనసాగించుట – ఇదియే చికిత్స. చేపజాతినిబట్టి మోతాదు మారును. కావున తెలిసినవారిని అడుగవలెను. నెల్లూరు జిల్లా ముత్తుకూరున మత్స్యశాస్త్ర కళాశాల ఉన్నది, కొల్లేటి ప్రాంతమున అనుభవజ్ఞులున్నారు. మనుష్యులకు వాడు యాంటీబయాటిక్ మాత్రలు నలిపి నీటిలో కలుపుట మాత్రము కూడదు. అది నీటిని కాపాడు సూక్ష్మజీవులను చంపును, మందులకు లొంగని రోగక్రిములను పెంచును. క్రొత్త చేపను తెచ్చినప్పుడు రెండు మూడు వారములు వేఱుగా ఉంచి చూచిన పిదపనే తొట్టిలో వేయుట అన్నింటికంటె మేలు.

చేతితో చేయునది, ప్రతిదినము చేయునది, ఫలమును చాటుకొనక చేయునది కాయకమని పెద్దలు మనకు నేర్పిరి. జబ్బుపడిన చేప చెంత రెండు వారములు నీరు మార్చుట, కొలిచి ఉప్పు వేయుట, రాత్రి దీపమార్పి దానిని నెమ్మదిగా ఉంచుట అట్టి పనియే. చేప కృతజ్ఞత చూపదు, తోక ఊపదు, చేయి నాకదు. ఇచ్చినదానికి తిరిగి ఏమియు రాని చోట చేసినదే సేవ.

ఇవి పాశ్చాత్యుల వేడుకలని అనుకొనరాదు. మన కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి బండపై చెక్కిన అశోకుని ధర్మశాసనములలో మనుష్యులకు, పశువులకు ఉభయులకు చికిత్స ఏర్పాటు చేసిన సంగతి కలదు. ఆయన స్తంభశాసనములలో ఒకటి చంపరాని ప్రాణులను పేర్కొనుచు కొన్ని చేపలను కూడ చేర్చినది. మన జగ్గయ్యపేట ధనంబోడు మీది బౌద్ధస్తూపము, 1882లో బర్జెస్ పరిశోధించినది, ఈ నేల జీవకారుణ్యపు మాట ఎంత ప్రాచీనకాలమున విన్నదో తెలుపుచున్నది. బసవేశ్వరుని బోధ తెలుగునాట పాల్కురికి సోమనాథుని ద్విపదలతో ఇల్లిల్లు చేరునాటికే ఆ విత్తనము ఇక్కడ పడియున్నది.

చికిత్స భారమనిపించినప్పుడు కొందరికి ఒక సులభమార్గము తోచును: చేపను తీసికొనిపోయి మున్నేటిలోనో ఊరిచెఱువులోనో వదలుట. "స్వేచ్ఛ ఇచ్చితిమి, పుణ్యము వచ్చినది" అని చేతులు దులుపుకొందురు. ఇది దయ వేషము వేసికొనిన విడిచిపెట్టుట. పుట్టినది మొదలు గాజులో పెరిగిన చేపకు వేట రాదు, దాగుకొన రాదు. జబ్బుతో ఉన్నది మఱియు నిస్సహాయము. దాని రోగము అక్కడి చేపలకు అంటును. ఆరోగ్యముగా ఉన్నదైనచో అపాయము ఇంకొక విధమున వచ్చును. తొట్టి గోడల పాచిని తినునని తెచ్చిన దక్షిణ అమెరికా చేపలు, గట్టి పెంకువంటి చర్మము గలవి, ఎక్కడెక్కడనో వదలివేయబడి నేడు కృష్ణతో సహా తెలుగునాట నీళ్ళలో వ్యాపించినవి. జాలరులు వానిని దెయ్యపుచేపలని పిలుచుచున్నారు. వాని ముండ్లకు వలలు చినుగుచున్నవి, నాటుచేపల గ్రుడ్లకు హాని కలుగుచున్నది. ఒక గృహస్థుని పుణ్యకార్యము ఒక జాలరి నోటికూడు తీసిన, ఆ పుణ్యమెట్టిది?

చివరకు మిక్కిలి కఠినమైన ప్రశ్న మిగులును. అన్నియు చేసితిమి, నీరు మార్చితిమి, మందు వేసితిమి. అయినను చేప పొట్ట ఉబ్బి, పొలుసులు దేవదారు కాయవలె విచ్చుకొని, తలక్రిందులై, దినములకొలది మేత లేక కొట్టుకొనుచున్నది. బ్రదుకు ఆశ లేదు. అప్పుడు దాని ప్రాణమును మనమే ముగింపవచ్చునా? ప్రాణమిచ్చినవాడు శివుడు, తీయుటకు మనమెవరమని సద్భక్తుడు అడుగును. ఆ ప్రశ్నలో సత్యమున్నది. దానిని తేలికగా త్రోసివేయరాదు. కాని దాని ప్రక్కన మఱొక సత్యము నిలిపి చూడవలెను. ప్రాణమిచ్చినవాడు శివుడు, ఆ ప్రాణిని పెట్టెలో పెట్టినవాడు మనుష్యుడు. నదిలోనైన జబ్బుచేప గంటలలో ఏ కొంగకో పెద్దచేపకో ఆహారమై ముగియును. తొట్టిలో కొంగ రాదు. దాని బాధ దీర్ఘమగుటకు కారణము మన రక్షణయే. అట్టి యెడ "నేను చంపలేదు" అని ప్రక్కకు తిరిగి కూర్చుండుట అహింస అగునా? చూడకుండుటకును చంపకుండుటకును చాల దూరమున్నది.

నా అభిప్రాయము ఇది. తేరుకొను ఆశ నిజముగా లేనప్పుడు, బాధ కంటికి స్పష్టముగా కనబడుచున్నప్పుడు, బాధలేని విధమున ముగించుట ధర్మవిరుద్ధము కాదు. అయితే ఆ పనికి ముందు గృహస్థుడు తన్ను తాను ఒక ప్రశ్న అడుగవలెను: ముగియుచున్నది దాని బాధయా, నా శ్రమయా? ఊరికి పోవలెను గనుక, చూచుటకు అసహ్యముగా ఉన్నది గనుక, క్రొత్త చేప కొనవలెను గనుక అని లోపలనుండి సమాధానము వచ్చిన, అది హింసయే. దాని బాధ గనుక అని వచ్చిన, అది చివరి సేవ. విధానము కూడ ధర్మములో భాగమే. మరుగుదొడ్డిలో పోసి నీరు వదలుట, నేలపై వేసి ఊపిరాడక చచ్చుటకు విడుచుట, మంచుపెట్టెలో పెట్టుట – ఇవి క్రూరములని పశువైద్యులు చెప్పుచున్నారు. పంటినొప్పికి మన యిండ్లలో ఉంచుకొను లవంగనూనెను గోరువెచ్చని నీటిలో బాగుగా చిలికి, చేపయున్న పాత్రలో కొంచెము కొంచెముగా కలిపిన, అది మొదట మత్తులోనికి పోవును. మోతాదు పెంచిన మొప్పల కదలిక ఆగును. ఆగిన తరువాత కూడ అరగంట అట్లే ఉంచవలెను. వీలైన పశువైద్యుని అడిగి చేయుట మంచిది. ఇది చేయుటకు ఎవని మనస్సు ఒప్పదో వానిని తప్పుపట్టరాదు. కాని వానికి వేఱొక బాధ్యత ఉన్నది. శుభ్రమైన నీరు, మసక వెలుతురు, తక్కిన చేపలు పొడువకుండ వేఱు పాత్ర, చివరి ఘడియవఱకు చెంత ఉండి చూచుట. రెండు దారులును దయకు చెందినవే. మూడవదైన అశ్రద్ధ మాత్రము దయకు చెందదు.

"మనుష్యులు ఆకలితో ఉండగా చేపకు ఇంత ఆరాటమేల?" అని ఎవరైన అడుగవచ్చును. ఆకలిగొన్నవానికి పెట్టవద్దని చేప చెప్పలేదు. దయ కొలబద్దతో పంచవలసిన సరుకు కాదు. చేయి చిన్న ప్రాణియెడల మెత్తబడిన, పెద్ద ప్రాణియెడల గట్టిపడదు. తన యింటి మూలనున్న బాధను గమనించుట అలవాటైనవాడు వీధిలోని బాధను గూడ గమనించును. ఎవని కన్ను ఇంటిలో మూసికొనునో, వాని కన్ను వీధిలో తెఱచుకొనునన్న నమ్మకము లేదు.

కావున సోదరులారా, తొట్టి కొనుటకు ముందే ఆలోచింపుడు. నీటిని చూచుకొనుటకు దినమునకు కొంత సమయము, నేర్చుకొనుటకు కొంత ఓర్పు మీ యింట లేకున్న, కొనకుండుటయే మీరు ఆ చేపకు చేయు మేలు. ఇప్పటికే ఉన్న తొట్టిని పాపమని భయపడి తీసివేయనక్కఱలేదు. దానిలో ఉన్న జీవములు మీ ఆశ్రయమున ఉన్నవి. రేపు ఉదయము లింగపూజ ముగించి లేచిన పిదప ఒక్క నిమిషము ఆ గాజు ముందు నిలిచి చూడుడు. ఏ చేప మూలన దాగియున్నది, ఏది రెక్కలు ముడుచుకొనియున్నది, ఏది మేతకు రాలేదు? చూచిన పిదప చేయవలసినది చేయుడు. పిల్లలను కూడ ప్రక్కన నిలుపుకొని చేయుడు. శరణు శరణార్థి.